నెమ్మదిలేని ఓడ: జాన్ న్యూటన్ జీవితము

(ధ్యాన భాగములు: ఆదికాండము 13:5–13, 1 రాజులు 18:1–16, 2 పేతురు 2:7, 8)

జీతము మంచిదే, ఉండుటకు గది ఇచ్చిరి, వైద్యపు ఖర్చు కూడ వారే పెట్టుకొందురు, కాని అక్కడ పని చేయుట మనస్సునకు భారముగా ఉన్నది. ఈ మాట నేడు మన సంఘములలోని అనేక గృహములలో వినబడుచున్నది. హైదరాబాదు కంపెనీలకును గల్ఫు దేశములకును పనికి వెళ్లిన మన బిడ్డలు క్రిస్మసు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు జీతమెంతయని అందరును అడుగుదురు. అక్కడివారు నిన్ను ఏలాగు చూచుచున్నారని అడుగువారు కొందరే. నీ క్రింద ఉన్నవారిని నీవు ఏలాగు చూడవలసి వచ్చుచున్నదని అడుగువారు మరి అరుదు.

లోతు యొర్దాను మైదానమును ఏరుకొనుట లెక్కప్రకారము తప్పు కాదు. మందలు గలవానికి నీరు కావలెను, మేత కావలెను. రెండును అక్కడ సమృద్ధిగా నుండెను. అయితే ఆ ఊరి మనుష్యులు ఎటువంటివారో ఆ అధ్యాయమే చెప్పుచున్నది. లోతు భూమిని చూచెను గాని ఊరిని చూడలేదు. అక్కడ అతడు దినదినము మనస్సు నొచ్చుకొనుచు బ్రదికెనని పేతురు తన రెండవ పత్రికలో తెలియజేయుచున్నాడు. నొచ్చుకొనెను గాని విడిచి రాలేదు. చివరకు దూతలు చెయ్యి పట్టుకొని వెలుపలికి తేవలసి వచ్చెను.

ఈ నెల మనము ధ్యానించు జాన్ న్యూటన్ జీవితములో ఇటువంటి కాలమొకటి కలదు. అమేజింగ్ గ్రేస్ అను ఇంగ్లీషు కీర్తన వ్రాసినవాడుగా అతడు లోకమంతటికి తెలిసినవాడు. బానిసలను మోయు ఓడకు కెప్టెనుగా ఉండి, మారుమనస్సు పొంది, ఆ పని విడిచి, దైవసేవకుడాయెనని మన సండేస్కూళ్లలోను ప్రసంగములలోను చెప్పుదురు. ఆ కథ అబద్ధము కాదు గాని మిక్కిలి కుదించబడినది. అతడు దేవునివైపు తిరిగిన మరునాడే ఓడ దిగలేదు. దేవునివైపు తిరిగిన తరువాతనే కెప్టెనాయెను. ఆ వ్యాపారములో మరి ఆరు సంవత్సరములు ఉండెను. ముఖ్యముగా ఆ ఆరు సంవత్సరముల సంగతియే ఇక్కడ చెప్పదలచితిమి.

న్యూటన్ 1725వ సంవత్సరము జూలై నెలలో లండను పట్టణమందలి వాపింగ్ అను ఓడరేవు పేటలో పుట్టెను. తండ్రి మధ్యధరా సముద్రములో వర్తకము చేయు ఓడకు కెప్టెను, కఠినమైన మనిషి. తల్లి ఎలిజబెత్ భక్తిగల స్త్రీ. ఒక్కగానొక్క కుమారుని దైవసేవకు పంపవలెనని ఆమె ఆశ. ఆమె క్షయవ్యాధితో చనిపోవునప్పటికి అతనికి ఏడు సంవత్సరములు నిండలేదు. పదునొకండవ యేట తండ్రితో కూడ ఓడ ఎక్కెను. పదునేడవ యేట కెంట్ ప్రాంతములోని చాతమ్‌లో మేరీ కాట్లెట్ అను బాలికను చూచి, పెండ్లియాడిన ఆమెనే పెండ్లియాడవలెనని నిశ్చయించుకొనెను. అతడు భక్తిని, మర్యాదను, సమస్తమును విడిచి తిరిగిన దినములలో కూడ ఆ తలంపు మాత్రము అతనిని విడువలేదు.

1744లో నౌకాదళపు వారు అతనిని బలవంతముగా పట్టుకొని హార్విచ్ అను యుద్ధనౌకలో చేర్చిరి. ఆ కాలమున ఇంగ్లాండులో అది మామూలు సంగతి. న్యూటన్ పారిపోయి దొరికిపోయెను. అందరి యెదుట కొరడా దెబ్బలు తిని, తనకున్న చిన్న అధికారమును పోగొట్టుకొనెను. తరువాత బానిస వ్యాపారపు ఓడలోనికి మార్చబడి, పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ ప్రాంతమున దిగి, ఒక తెల్ల వర్తకునియొద్ద పనికి కుదిరెను. అక్కడ అతడు జబ్బుపడగా ఆ ఇంటి యజమానురాలు అన్నపానములు సరిగా పెట్టలేదు. గొలుసులలోనున్న బానిసలు తమకు దొరకు కొద్ది తిండిలోనుండి తీసి రహస్యముగా అతనికి పెట్టిరి. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. చిరిగిన చొక్కాతో తిరుగుచున్న ఆ దినములలోనే అతడు యూక్లిడ్ రేఖాగణితపు పుస్తకమొకటి దగ్గరనుంచుకొని, సముద్రపు ఒడ్డున ఇసుకలో కర్రతో గీతలు గీసి నేర్చుకొనెను. మనిషి మొండివాడే గాని మందబుద్ధి కాడు.

1748 మార్చిలో అతనిని ఇంగ్లాండునకు తెచ్చుచున్న గ్రేహౌండ్ అను ఓడ అట్లాంటిక్ సముద్రమున తుపానులో చిక్కెను. ప్రక్కపలకలు పగిలి నీరు లోపలికి వచ్చెను. గంటల తరబడి నీరు తోడి, పిమ్మట చుక్కాని పట్టుకొని నిలిచియుండగా, చిన్ననాడు తల్లి నేర్పిన మాటలు అతని మనస్సునకు తిరిగి వచ్చెను. సుమారు నాలుగు వారముల తరువాత ఓడ ఐర్లండు తీరము చేరునప్పటికి కడపటి తిండి కుండలో ఉడుకుచుండెను. తుపాను దినమును అతడు ముసలితనము వరకు ఏటేట ప్రార్థనతో జ్ఞాపకము చేసికొనుచు వచ్చెను.

లివర్‌పూలులో జోసెఫ్ మానెస్టీ అను వర్తకుడు ఉండెను. అతడు న్యూటన్ తండ్రికి స్నేహితుడు, ఆ ఓడ యజమానుడు. వెంటనే ఒక ఓడకు కెప్టెనుగా పెట్టెదనని మానెస్టీ చెప్పగా, పని నేర్వకముందు పెత్తనము వద్దని న్యూటన్ మొదటి ప్రయాణమునకు కెప్టెను క్రింది అధికారిగా పోయెను. 1750 ఫిబ్రవరి 1వ తేదీన మేరీతో వివాహము జరిగెను. అదే సంవత్సరము ఆగస్టులో డ్యూక్ ఆఫ్ ఆర్గైల్ అను ఓడకు కెప్టెనై బయలుదేరెను. అప్పటికి అతని వయస్సు ఇరువదియైదు.

ఆ దినములలో అది గౌరవమైన ఉద్యోగము. బానిస ఓడ కెప్టెనుకు నెలజీతమే గాక అమ్మకము మీద కమీషను ఉండెను. కొందరు బానిసలను తన సొంత లెక్కలో అమ్ముకొను హక్కు కూడ సాధారణముగా ఉండెను. ఓడలో అతని మాటకు ఎదురు లేదు. అతడు సెలవియ్యనిదే ఎవరును భోజనము ముట్టరు. మధ్యాహ్నము పండ్రెండు గంటలైనదని అతడు చెప్పువరకు మరి ఎవరును అతని యెదుట చెప్పరు. ఒడ్డునకు పోయి అర్ధరాత్రివేళ తిరిగి వచ్చినను అధికారులు నిద్రపోక కాచుకొనియుండి ఎదుర్కొనవలెను. కొరడా దెబ్బలు తిన్నవానికి, ఆకలితో పడియున్నవానికి ఇది ఎంత తీపిగా నుండునో మనము ఊహింపవచ్చును. మేరీకి వ్రాసిన ఉత్తరములలో ఈ మర్యాదలను అతడు కొంత నవ్వుతోనే చెప్పెను గాని వాటిని కాదనలేదు.

ఇక ఆ ఓడలో బ్రదుకు ఎట్టిది? ఒక్క ప్రయాణమునకు సంవత్సరము పైగా పట్టును. మొదట ఇంగ్లాండునుండి ఆఫ్రికాకు పోవలెను. అక్కడ తీరము వెంబడి నెలల తరబడి నిలిచి, ఒకచోట ఇద్దరిని, మరియొకచోట నలుగురిని కొనుచు ఓడ నింపవలెను. పిమ్మట వెస్టిండీసు దీవులకు పోయి వారిని అమ్మి, చక్కెర మొదలగు సరకుతో ఇల్లు చేరవలెను. నూరు టన్నుల ఓడలో రెండువందల ఇరువదిమందిని, రెండువందల ఏబదిమందిని ఎక్కించుచుండిరి. వారిని పెట్టు గదులు అయిదడుగుల ఎత్తు మాత్రమే. ఆ అయిదడుగులను కూడ మధ్య బల్లలు వేసి రెండు అరలుగా చేసి, ఇద్దరిద్దరిని కాలికి కాలు, చేతికి చెయ్యి ఇనుముతో కట్టి పరుండబెట్టుదురు. కొన్నవారిలో నాలుగవ వంతు దారిలోనే చనిపోవుచుండిరని న్యూటన్ తరువాతి కాలమున అంచనా వేసెను. ఇంగ్లాండునుండి వెళ్లిన నావికులలో కూడ ఐదవ వంతు తిరిగి రారని అతని లెక్క. జ్వరము తెల్లవానిని నల్లవానిని వేరుగా చూడదు గదా.

అందరికిని అందరి భయము. క్రింద ఉన్నవారికి పైనున్నవారి భయము, పైనున్నవారికి క్రిందివారు లేచెదరేమోయను భయము, కెప్టెనుకు ఇరువురి భయము. 1752లో ఆఫ్రికన్ అను ఓడ మీద న్యూటన్ రెండవసారి కెప్టెనుగా పోయినప్పుడు, మొదట నావికులే ఓడను దొంగిలింప కుట్ర పన్నిరి. కొన్ని వారములకు బానిసలు తిరుగబడబోవుచున్నారని అనుమానము కలిగెను. న్యూటన్ కొందరు బాలురను సంకెళ్లలో పెట్టించి, నిజము రాబట్టుటకు వారి బొటనవ్రేళ్లను ఇనుప మరలలో బిగింపించెను. ఇది అతని సొంత దినచర్య పుస్తకములోనే ఉన్నది. అదే ఓడపై ప్రతి ఆదివారము రెండుసారులు ఆరాధన జరుగుచుండెను. నావికులను కూర్చి ప్రార్థనలు చదువువాడు కెప్టెనే.

భక్తుల జీవితములలో ఇట్టి సంగతులను దాచుట మేలని తలంచువారు కలరు. మా తలంపు అది కాదు. ఆ మరలు బిగింపజేసినవాడు దుష్టుడని పేరుపొందినవాడు కాడు. బైబిలు చదువువాడు, భార్యను ప్రేమించువాడు, ఉదయకాల ప్రార్థన మానని వాడు. అతనిచేత ఆ పని చేయించినది ఆ ఉద్యోగము. ఆ ఓడలో కెప్టెనుగా ఉండవలెనన్నయెడల అట్లు చేయక గడవదు. జీతము లెక్కపెట్టునప్పుడు ఈ ఖర్చును ఏ కాలములో వ్రాయవలెనో లివర్‌పూలు వర్తకుల పద్దు పుస్తకములలో స్థలము లేకుండెను.

అయినను అతని మనస్సు నెమ్మదిగా లేదు. తాను ఓడ నడుపువాడు కాక చెరసాల కాయువాడైనట్లు అతనికి తోచెను. ప్రొద్దున లేచినది మొదలు గొలుసులు, తాళములు, సంకెళ్లు, వీటి మధ్యనే బ్రదుకుట అతనికి అసహ్యమాయెను. భార్యను విడిచి సంవత్సరము పైగా ఉండవలసివచ్చుట, సంఘ సహవాసము లేకపోవుట, ఇవియు బాధించెను. మరింత దయగల పనిలో నన్ను పెట్టుమని అతడు దేవునికి ప్రార్థించుచు వచ్చెను. ఈ సంగతి అతడే తరువాత వ్రాసియున్నాడు.

ఈ ప్రార్థనను కొంచెము నిలిచి చూడవలెను. బానిస వ్యాపారము పాపమని అతడు అప్పుడు ప్రార్థింపలేదు. ఆ పని తనకు సరిపడలేదని మాత్రమే ప్రార్థించెను. గొలుసుల ధ్వని అతని చెవికి బాధగా నుండెను గాని గొలుసులలోనున్నవాని మొర చెవిని బడలేదు. ఆకలి దినములలో తనకు అన్నము పెట్టినవారు కూడ గొలుసులలోనివారేయని అతనికి తట్టినట్లు లేదు. ఒక పని మన మనస్సును నొప్పించుచున్నప్పుడు అది మన సుఖదుఃఖముల సంగతియే అనుకొందుము. న్యూటన్ విషయములో ఆ నొప్పి పొరుగువానిని గూర్చి వచ్చిన ఉత్తరము. అతడు అందులో తన పేరున్న పంక్తి మాత్రము చదువుకొని మడిచిపెట్టెను. తక్కినది చదువుటకు ముప్పది సంవత్సరములు పట్టెను.

ఎందుకు విడువలేదని అడుగుదుమా? కారణములు మనకు తెలియనివి కావు. మానెస్టీ అతనిని ఆదుకొన్నవాడు, అతనికి ఉపకారి. మరియొక వృత్తి చేతిలో లేదు. భార్యను పోషింపవలెను. ఊరిలో పెద్దమనుష్యులందరును ఆ వ్యాపారములో సొమ్ము పెట్టినవారే. తప్పని చెప్పువాడు ఒక్కడును అతని యెదుట లేడు. దేవుడే నన్ను ఈ స్థలములో ఉంచెనని కూడ అతడు అనుకొనెను. విచిత్రమేమనగా, అందరికి లాభము తెచ్చు ఆ ఉద్యోగము అతనికి గొప్ప లాభము తేలేదు. దానిని కూడ అతడు తరువాత దేవుని కృపగానే ఎంచెను.

మూడవ ప్రయాణము 1753–54లో జరిగెను. ఆ ప్రయాణములోనే సెయింట్ కిట్స్ దీవిలో అలెగ్జాండర్ క్లూనీ అను భక్తిగల కెప్టెను కలిసి, నెల దినములు ప్రతి సాయంకాలము దేవుని కృపను గూర్చి అతనికి బోధించెను. ఈసారి ఓడలో ఒక్కరును చావలేదు. లివర్‌పూలు దేవాలయములలో అందుకొరకు బహిరంగముగా కృతజ్ఞతాస్తుతి చేయబడెను. ఒక్కరును చావలేదు, నిజమే. అందరును అమ్మబడిరి. కెప్టెను ఎంత జాగ్రత్తగా, ఎంత దయగా నడచుకొన్నను ఆ ఓడ పోవు రేవు మారదు.

1754 నవంబరులో మరియొక ప్రయాణమునకు అంతయు సిద్ధమాయెను. బీ అను కొత్త ఓడ. రెండు దినములలో బయలుదేరవలసియుండగా, ఒక మధ్యాహ్నము భార్యతో కూర్చుండి తేనీరు త్రాగుచు న్యూటన్ అకస్మాత్తుగా మూర్ఛపోయెను. సుమారు గంటసేపు కదలిక లేదు, మాట లేదు. ఊపిరి మాత్రము ఉండెను. సముద్రముమీదికి పోరాదని వైద్యులు చెప్పిరి. ఓడ బయలుదేరుటకు ముందు దినమున అతడు ఉద్యోగము వదలుకొనెను. అతనికి బదులుగా వెళ్లిన కెప్టెనును, అధికారులలో ఎక్కువమందియు, నావికులలో అనేకులును ఆ ప్రయాణములో మరణించిరి. లోతువలెనే న్యూటన్ తనంతట దిగి రాలేదు, చెయ్యి పట్టి దింపబడెను. అతడు ధైర్యముగా జీతము తన్నివేసి వచ్చెనని చెప్పుట అతనికి లేని కిరీటము పెట్టుటయే.

భర్త మూర్ఛను కన్నులార చూచిన మేరీ ఆ దిగులుతో మంచము పట్టెను. పని లేక కొన్ని నెలలు గడిచెను. 1755 ఆగస్టులో మానెస్టీ సిఫారసు మీదనే లివర్‌పూలు రేవులో సుంకపు శాఖ ఉద్యోగము దొరికెను. ఒక వారము రేవునకు వచ్చు ఓడలను, మరుసటి వారము రేవులో కట్టియున్న ఓడలను తనిఖీ చేయుట ఆ పని. చలిమంటయు దీపములును గల మంచి కచేరి, చేతి క్రింద ఏబది అరువదిమంది, తిరుగుటకు ఆరు తెడ్లు గల పడవ, రాత్రికి భార్య ఉన్న ఇల్లు, ఆదివారము దేవాలయము. అతడు అడిగిన దయగల పని ఇదియే. తీరిక కూడ దొరికెను గనుక గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొని లేఖనములను మూలభాషలలో చదువసాగెను. జార్జి విట్‌ఫీల్డ్, జాన్ వెస్లీ మొదలైనవారి పరిచయము కలిగెను. బానిస ఓడలు అదే రేవునుండి పోవుచు వచ్చుచునే ఉండెను. వాటిని గూర్చి న్యూటన్ అప్పటికి ఏమియు పలుకలేదు.

దైవసేవ చేయవలెనను కోరిక ఆ దినములలోనే పుట్టెను. 1758లో యార్కు ఆర్చిబిషప్పునకు దరఖాస్తు పెట్టుకొనగా తోసివేయబడెను. చదువు పట్టా లేదు, వెస్లీ వారితో స్నేహము కలవాడను పేరు ఉన్నది. ఆరు సంవత్సరములు కనిపెట్టుకొనియుండెను. చివరకు డార్ట్‌మౌత్ ప్రభువు సహాయముతో 1764లో లింకను బిషప్పుచేత అభిషేకము పొంది, బకింగ్‌హామ్‌షైర్‌లోని ఓల్నీ అను చిన్న ఊరికి సహాయ గురువుగా వెళ్లెను. సంవత్సరమునకు అరువది పౌనులు జీతము. లివర్‌పూలు ఆదాయముతో పోల్చిన ఇది చాల తక్కువ.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. ఓల్నీకి అసలు గురువు మోసెస్ బ్రౌన్. ఆయనకు పిల్లలు ఎక్కువ, అప్పులు ఉన్నవి. ఆ జీతముతో గడవక లండను దగ్గర ఒక ఆశ్రమమునకు గురువుగా వెళ్లెను. అందుచేతనే న్యూటన్‌కు చోటు దొరికెను. బ్రౌన్‌గారిని తప్పుపట్టుటకు మనకు హక్కు లేదు. పిల్లలు లేని న్యూటన్ అరువది పౌనులతో ఉండగలిగెను. అప్పుడైనను, జాన్ థోర్న్‌టన్ అను ధనిక వర్తకుడు బీదలకును అతిథులకును ఖర్చుపెట్టుమని సంవత్సరమునకు రెండువందల పౌనులు పంపనిదే ఆయన ఇల్లు అంతమందికి తెరచియుండగలిగెడిది కాదు. తక్కువ జీతమే పరిశుద్ధమని బోధించువారు ఈ రెండు లెక్కలను కూడ చూడవలెను.

ఓల్నీ జనులు చాలవరకు లేసు అల్లుకొని బ్రదుకు బీదలు. నరసాపురము వైపు లేసు అల్లు కుటుంబములను ఎరిగినవారికి ఆ బ్రదుకు వివరింప పనిలేదు: దినమంతయు వంగిన నడుము, సాయంకాలమునకు కొద్ది కూలి. న్యూటన్ పాత నావికుని కోటు వేసికొని ఇంటింటికి తిరిగెను. పిల్లలకు ప్రత్యేకముగా కూటములు పెట్టెను. జనము ఎక్కువై దేవాలయములో పై అంతస్తు కట్టవలసి వచ్చెను. పని సులభము కాదు. 1773లో ఆయన స్నేహితుడు, కవియైన విలియం కూపరు మతి చలించి ప్రాణము తీసికొన యత్నింపగా, న్యూటన్ దంపతులు సంవత్సరము పైగా తమ ఇంటనే ఉంచుకొని కాపాడిరి. 1777లో ఊరిలో అగ్నిప్రమాదము జరిగిన తరువాత, నవంబరు పండుగ దీపములు, మంటలు ఆ యేడు మానుకొనుడని చెప్పినందుకు త్రాగిన గుంపు ఆయన ఇంటిమీదికి వచ్చెను. అలసట ఉండెను, అవమానము ఉండెను, కన్నీరు ఉండెను. అయినను ఆ పదునారు సంవత్సరములలో దయగల పని ఇయ్యుమని ఆయన మరల ప్రార్థించినట్లు కనబడదు. ఓడలో శ్రమ మనస్సును గట్టిపరచెను. ఓల్నీలో శ్రమ శరీరమును మాత్రము అలయజేసెను. ప్రసంగి నాలుగవ అధ్యాయములో చెప్పబడిన ఒక చేతి నిండు నెమ్మది పని లేనివాని నెమ్మది కాదు.

అమేజింగ్ గ్రేస్ ఈ ఊరిలోనే పుట్టినది. 1773 జనవరి 1వ తేదీన దినవృత్తాంతముల మొదటి గ్రంథము పదునేడవ అధ్యాయములోని దావీదు ప్రార్థనను గూర్చి చేసిన ప్రసంగమునకు తోడుగా ఆయన దానిని వ్రాసెను. నేను ఎంతటివాడనని, ఇంతవరకు నన్నెందుకు తెచ్చితివని దావీదు ఆశ్చర్యపడు భాగము అది. ఓల్నీ పేరు మన దేశపు సంఘచరిత్రలో మరియొక విధముగను ఉన్నది: విలియం కేరీని 1786లో సువార్త సేవకు పంపిన బాప్టిస్టు సంఘము ఓల్నీలోనిదే. కేరీ గారి సేరంపూరు ముద్రణాలయమునుండి 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను.

1780లో న్యూటన్ లండనులో సెయింట్ మేరీ ఉల్‌నాత్ దేవాలయమునకు గురువుగా వెళ్లెను. అది ధనిక వర్తకుల పేట. 1785 డిసెంబరులో ఒక యౌవనస్థుడు ఎవరును చూడకుండ ఆయనను కలిసికొన వచ్చెను. అతడు విలియం విల్బర్‌ఫోర్స్, పార్లమెంటు సభ్యుడు, ఇరువదియారు సంవత్సరములవాడు. చిన్ననాట ఆయన ప్రసంగములు విన్నవాడే. దేవునివైపు తిరిగిన తరువాత పార్లమెంటులోని పొగడ్తలు, పగలు, విందులు, రాత్రి మాటల యుద్ధములు అతనికి వెగటు పుట్టించెను. ఇవన్నియు విడిచి దైవసేవలో ప్రవేశింపవలెనా అని అతని ప్రశ్న. తాను రెండు ఉద్యోగములు విడిచివచ్చిన న్యూటన్ విడువుమనియే చెప్పునని ఎవరైనను అనుకొందురు. ఆయన ఉండుమని చెప్పెను.

ఆ సలహా మనలను ఓబద్యా యొద్దకు తీసికొనిపోవుచున్నది. అహాబు ఇంటికంటె కీడైన ఉద్యోగస్థలము ఉండునా? యెజెబెలు ప్రవక్తలను చంపించుచున్న ఆ ఇంటిలోనే ఓబద్యా గృహనిర్వాహకుడు. అతనికి ప్రాణభయము ఎంతగా ఉండెనో ఏలీయాతో అతడు మాటలాడిన రీతియే చూపుచున్నది. కాని ఆ పదవిలో ఉన్నందుననే నూరుమంది ప్రవక్తలను గుహలలో దాచి అన్నపానములు పెట్టగలిగెను. బానిస ఓడలో కెప్టెను ఆ ఓడ పనినే చేయవలెను, వేరొకటి చేయుటకు వీలు లేదు. పార్లమెంటులో ఉన్నవాడు పార్లమెంటునే మరియొక దారికి త్రిప్పుటకు వీలున్నది. మనస్సు నొచ్చుట రెండుచోట్లను ఒక్కటే. విల్బర్‌ఫోర్స్ నిలిచెను. రెండు సంవత్సరములలో బానిస వ్యాపారమును రద్దు చేయించు పనిని తలకెత్తుకొనెను.

అప్పుడు న్యూటన్ కూడ తన నోరు తెరువవలసి వచ్చెను. 1788లో ఆఫ్రికా బానిస వ్యాపారమును గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. పార్లమెంటు సభ్యులకు దాని ప్రతులు పంపబడెను. గదుల ఎత్తు, గొలుసులు, మరలు, స్త్రీలకు జరిగిన అవమానములు, నావికుల మరణములు, తాను కన్నది, తాను చేసినది అందులో వ్రాసెను. ఇంత ఆలస్యముగా చెప్పుచున్నందుకు సిగ్గుపడుచున్నట్లు ఒప్పుకొనెను. డబ్బు సంపాదించు మార్గములలో మనుష్యుని హృదయములోని మెత్తదనమును ఇంతగా పోగొట్టునది మరియొకటి లేదని తన అనుభవము మీద సాక్ష్యమిచ్చెను. రాజు ఆలోచన సభ యెదుటను, 1790లో పార్లమెంటు విచారణ సంఘము యెదుటను నిలిచి వాఙ్మూలము ఇచ్చెను. తక్కిన సాక్షులలో ఓడలను దూరమునుండి చూచినవారు అనేకులు. ఆయన ఓడలో కెప్టెను గదిలో పరుండినవాడు.

అదే సంవత్సరము డిసెంబరులో మేరీ మరణించెను. ఆయనకు చూపు మందగించెను, వినికిడి తగ్గెను, ప్రసంగము మధ్యలో ఏమి చెప్పుచున్నాడో మరచిపోవుచుండెను. అయినను 1806 వరకు బోధించుచునే ఉండెను. విల్బర్‌ఫోర్స్ పెట్టిన బిల్లు ఏటేట ఓడిపోవుచు వచ్చి, చివరకు 1807 మార్చి 25వ తేదీన చట్టమై, బ్రిటిషు ఓడలలో బానిసలను కొని అమ్ముట నిషేధింపబడెను. న్యూటన్ ఆ సంవత్సరమే డిసెంబరు 21వ తేదీన ఎనుబదిరెండవ యేట కన్నుమూసెను. లండనులోని ఆయన దేవాలయములోనే మేరీ ప్రక్కన పాతిపెట్టిరి. 1893లో ఆ దేవాలయపు నేలమాళిగ ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు ఇద్దరి అవశేషములను ఓల్నీకి తీసికొనిపోయి, అరువది పౌనుల జీతముతో ఆయన పని మొదలుపెట్టిన దేవాలయపు ఆవరణములో తిరిగి పాతిపెట్టిరి.